ఎడమ చెంప, ఏటవాలు వెలుగు

సోమవారం

కేబుల్ మామూలే. కిందికి కరెంటు పోతోంది, పైకి ఐసు వస్తోంది. సోలార్ అద్దాల మీద దుమ్ము దులిపించాను.

డ్యూటీ పుస్తకంలో ఇంతకు మించి రాయనక్కర్లేదని మా ఇంజినీరు అంటాడు. "కథలు రాయకు దాలయ్యా, అది చదివేవాడెవడూ లేడు" అని. చదివేవాడు లేడన్న ధైర్యంతోనే రాస్తున్నాను. నేను బడికి పోయి చదివింది తక్కువ. కేబుల్ మాన్యువళ్ళు, మందు డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలు, ఆసుపత్రివాళ్ళు పారేసిన ఒక వైద్య నిఘంటువులో 'చ' నుంచి 'ద' దాకా ఉన్న భాగం, ఇదీ నా చదువు. కాబట్టి చర్మం గురించీ దగ్గు గురించీ నాకు బాగా తెలుసు. మోకాళ్ళ గురించి అడిగితే చెప్పలేను.

ఇవాళ నాంచారమ్మ లైనులో ఒక ప్రశ్న వేసింది. ఆమె నీడపల్లి వైపు లైను మనిషి, నేను గట్టూరు వైపు. రెండు ఊళ్ళూ చంద్రుడి దక్షిణపు కొసన ఒకే గోతివి. గట్టూరు గోతి అంచున, ఎండలో ఉంటుంది. నీడపల్లి గోతి అడుగున, సూర్యుడన్నవాడు తొంగి కూడా చూడని చోట. ఐసు అక్కడే ఉంది కాబట్టి తవ్వేవాళ్ళూ అక్కడే ఉన్నారు. మేం పంపే కరెంటు తవ్వే యంత్రాలకీ, గదులు వెచ్చబెట్టడానికీ సరిపోతుంది. దీపాలకి మిగిలేది ఏమీ ఉండదు. మొదట్లో వచ్చినవాళ్ళు చీకటికి అలవాటు పడ్డారు, తరవాతివాళ్ళు దీపం అడగడమే మానేశారు.

మీసాలు నల్లగా ఉన్న రోజుల నుంచీ నేనూ నాంచారమ్మా పూటపూటా మాట్లాడుకుంటున్నాం. ఒకరినొకరు చూసుకోలేదు. లిఫ్టులో ఐసుకే చోటు చాలదు, మనుషులెక్కడ? నాకు ఆమె ఒక గొంతు. కాస్త బొంగురు. నవ్వే ముందు ఒక చిన్న దగ్గు.

కిందివాళ్ళకి ఊపిరితిత్తులు అరిగాక పని మానిపించి పైకి తెస్తారు. కొన్నాళ్ళు ఎండలో ఉంచుతారు. ఆపైన ఇక్కడే ఉండిపోవడమా, మళ్ళీ దిగిపోవడమా అన్నది వాళ్ళ ఇష్టం. ఆమె వంతు వచ్చిందని తెలిసినప్పుడు, ఎన్నాళ్ళో లోపల సానబెట్టుకున్న మాట ఒకటి బయటపెట్టాను. "నా క్వార్టర్లో రెండో గది ఖాళీగానే ఉంది నాంచారమ్మగారూ. దిగిపోకండి. నాతో ఉండండి" అని. ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది. నాకు పెళ్ళే కాలేదు. ఆమె దగ్గింది గానీ నవ్వలేదు. "మనిషిని కలిశాక చెబుతానండీ. గొంతుతో కాపురం చెయ్యలేం కదా" అంది.

ఇవాళ్టి ప్రశ్న ఏమిటంటే: "వచ్చే వారం ఐసు బండితో వచ్చేస్తున్నాను. దాలయ్యగారూ, మీ ముఖం ఎలా ఉంటుంది?"

"మామూలే" అన్నాను.

కేబుల్ గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాను. చెప్పాక లైను కట్ చేసి, స్టూలు మీద కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

మంగళవారం

కేబుల్ మామూలే. ఐసు కొంచెం మట్టిగా వచ్చింది.

నా ముఖం మామూలు కాదు. పదహారో ఏట మొటిమలు మొదలై, అవి పోతూ పోతూ నేల తవ్విపెట్టి పోయాయి. సగం తప్పు గోళ్ళది. మా అమ్మ పసుపు పెట్టింది, వేపాకు నూరి పెట్టింది, ఎవరో చెప్పారని పళ్ళ పేస్టు కూడా పెట్టింది. నేను మాత్రం అద్దం దొరికితే చాలు, గిల్లేవాణ్ణి. ఇప్పుడు రెండు చెంపలూ పొంగనాల పెనంలా ఉంటాయి.

కింద భూమ్మీద అయితే ఇంత బాధ ఉండేది కాదు. అక్కడ సూర్యుడు నెత్తి మీదికొస్తాడు, మిట్టమధ్యాహ్నం గుంటలు కొంత పూడినట్టు కనిపిస్తాయి. ఇక్కడ సూర్యుడు నెత్తికెక్కడు. దిగంతాన్ని పట్టుకుని ఊరి చుట్టూ తిరుగుతుంటాడు. వెలుగెప్పుడూ పక్క నుంచే. బయట నేల మీద గులకరాయికి కూడా తాటిచెట్టంత నీడ పడుతుంది. అదే వెలుగు కిటికీలోంచి చెంప మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఇన్నేళ్ళూ కిటికీకి వీపు పెట్టే కూర్చున్నాను. గట్టూరులో కూటాలకి పోలేదు. లిఫ్టు గుమ్మం దగ్గర ఎండ సూటిగా కొడుతుందని ఏనాడూ అటువైపే వెళ్ళలేదు.

క్యాంటీన్ మస్తాను నా ఈడువాడే. ఇక్కడికి ఒకే ఓడలో వచ్చాం. వాడి నాచు ఉప్మా గురించి ఒక పేజీ రాయొచ్చు, రాయను, తిన్న బాధ చాలు. వాడితో విషయం చెప్పాను.

"ఏందిరా దాలిగా, ఈ వయసులో సోకా?" అన్నాడు.

"సోకు కాదు. ఆవిడ వస్తోంది."

"వస్తే? మనం ఉండేదే గుంటల నేల మీద. నీ ముఖం చూసి, ఊరు చూసినట్టే ఉందనుకుంటుంది."

నేను నవ్వలేదు. వాడు గరిటె కింద పెట్టాడు. "సరే, డాక్టరమ్మ దగ్గరికి పో. మొటిమల గుంటలకి ఏవేవో వైద్యాలున్నాయంట."

సాయంత్రం లైనులో నాంచారమ్మ తమ ఊరి పెద్దమనిషి పోయిన సంగతి చెప్పింది. "అందరం ఒకరి తరవాత ఒకరం ముఖం పట్టుకుని సాగనంపాం" అంది. అయ్యో అన్నాను. నా మనసంతా కిటికీ ఏ వైపుంది, కుర్చీ ఎటు తిప్పాలి అన్నదాని మీదే ఉంది.

గురువారం

కేబుల్ మామూలే.

డాక్టర్ ఎస్తేరు దగ్గరికి వెళ్ళాను. కూతురి వయసు. నన్ను బాబాయిగారూ అంటుంది. ఏమిటి ఇబ్బంది అంటే, నోటికొచ్చింది చెప్పాను. "చెంపలు దురదగా ఉన్నాయమ్మా. గుంటల్లో దుమ్ము చేరుతున్నట్టుంది. పూడిస్తే పోతుందేమో."

ఆమె ఒక పక్క నుంచి చిన్న దీపం వేసి చూసింది. మళ్ళీ పక్క వెలుగే. కళ్ళు మూసుకున్నాను.

"మీకు మూడు రకాలూ ఉన్నాయి బాబాయిగారూ" అంది. సన్నగా లోతుగా సూదితో పొడిచినట్టున్నవి ఒక రకం. అంచులు నిలువుగా, పెట్టె అడుగులా ఉన్నవి ఇంకో రకం. మూడో రకం అలల్లా ఉంటాయి, చర్మం కింద నారలు దాన్ని లోపలికి లాగి పట్టుకోవడం వల్ల వస్తాయి. "ఏ ఒక్క వైద్యమూ మూడింటికీ పనికిరాదు. ముందే చెబుతున్నా, పూర్తిగా నున్నగా కావు. సగానికి తగ్గితే సంతోషించాలి."

సూదిగుంటల అడుగున ఒక్కోదానికి ఒక్కో యాసిడ్ చుక్క వేస్తే, మానేటప్పుడు అవి కిందనుంచి పైకి నిండుకుంటాయట. మరీ మొండివైతే గుంటనే గుండ్రంగా కోసి తీసేసి కుట్టు వేస్తారు. పెట్టె రకానికి లేజరు, లేదా సన్నటి సూదుల పనిముట్టుతో చర్మమంతా పొడిచి కొత్త చర్మం పుట్టించడం. అలల రకానికి చర్మం కింద సూది దూర్చి, లాగి పట్టిన నారల్ని తెంచడం. ఇవన్నీ విడతలు విడతలుగా, నెలల తరబడి. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి గాయాలు మానడానికి ఇంకా ఆలస్యం.

"వచ్చే వారానికి ఏది అవుతుందమ్మా?" అన్నాను.

ఆమె దీపం ఆర్పింది. "దురదకి అంత తొందరేమిటి?"

ముఖం మంటెక్కింది. "అంటే, డ్యూటీలో గోక్కుంటున్నాను."

"జెల్ ఒకటి ఉంది. నారలు తెంచి, కింద జెల్ నింపితే గుంట వెంటనే పైకి లేస్తుంది. కొన్ని నెలలకి దానంతటదే కరుగుతుంది. నచ్చకపోతే ముందే కరిగించే ఇంజెక్షనూ ఉంది. కానీ నా దగ్గరున్నది ఒక చెంపకే సరిపోతుంది. రెండోది వచ్చే ఓడకి."

"ఎడమది చెయ్యండి" అన్నాను. ఆలోచించలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే తలుపులోంచి వచ్చేవాళ్ళకి కనిపించేది ఎడమ చెంపే.

శనివారం

కేబుల్ మామూలే. నేను సెలవు పెట్టాను. కారణం 'దంతవైద్యం' అని రాశాను.

మత్తు ఇచ్చినా చప్పుడు వినిపిస్తుంది. చర్మం కింద సూది కదులుతుంటే నారలు పట్‌మని తెగుతాయి. పాత జోలెకి కుట్లు విప్పుతున్నట్టు. ఇన్నేళ్ళూ నన్ను లోపలికి లాగి పట్టుకున్నవి అవేనన్న మాట.

అద్దం ఇచ్చింది. ఎడమ పక్క వాచి, కమిలి ఉంది. కానీ నీడలు లేవు. చేత్తో తడిమితే చల్లగా, బొద్దుగా, ఎవరిదో చెంపలా ఉంది. చాలాసేపు అద్దం తిరిగివ్వలేదు. అది చూసి డాక్టరమ్మ పక్కకి తిరిగి సీసాలు సర్దుకుంది. మనవల్ని ఎత్తుకోవలసిన వయసులో అద్దం వదలని మనిషిని చూడకూడదనుకుందేమో.

మంగళవారం

కేబుల్ మామూలే. రేపే ఆమె వచ్చే ఐసు బండి.

ఇవాళ మస్తాన్ని నాంచారమ్మగా నిలబెట్టి రిహార్సల్ చేశాను. వాడు తువ్వాలు నెత్తిన వేసుకుని తలుపులోంచి వస్తాడు, నేను ఎడమ చెంప ఎండకి పెట్టి లేస్తాను. కుడి చెంపకి పౌడరు అద్దాను. ఇక్కడ పౌడరు కింద పడదు, గాల్లో నింపాదిగా తిరిగి తిరిగి మనం మర్చిపోయాక మీద వాలుతుంది. వాడు తుమ్మాడు.

"తల ఇంకొంచెం ఇటు తిప్పు. ఆఁ. ఇప్పుడు బాగున్నావు, సగం పెళ్ళికొడుకులా" అన్నాడు. "మరి రాత్రి భోజనానికి కుడి పక్కన కూర్చుంటే?"

"కూర్చోనివ్వను."

"బతికినంత కాలం?"

"ఓడ వచ్చేదాకా."

వాడు తువ్వాలు తీసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఏంటన్నాను. "ఏం లేదులే. కుర్చీలు ఇంత సంబరంగా జరుపుతున్నావు" అన్నాడు.

నాంచారమ్మ ఇంట్లోకి వచ్చాక కదా కుర్చీ సంగతి. లిఫ్టు గుమ్మానికి ఎదురెళ్ళకపోతే మర్యాద కాదు. అక్కడ ఎండ ఏ వైపు నుంచి వస్తుందో మొదటిసారి వెళ్ళి చూసొచ్చాను. నిలబడవలసిన చోట సుద్దముక్కతో గీత గీశాను.

బుధవారం

ఏం రాయాలో తెలియడం లేదు. కేబుల్ మామూలే.

గీత మీద నిలబడ్డాను. ఎండ ఎడమ చెంప మీద ఉంది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఐసు దిమ్మెల మధ్య శాలువా కప్పుకున్న పొట్టి మనిషి, పక్కన ఆసుపత్రి మనిషి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆమె కళ్ళకి నల్లగుడ్డ కట్టి ఉంది.

చీకట్లో బతికినవాళ్ళని పైకి తెచ్చేటప్పుడు కళ్ళకి గంతలు కట్టి తెస్తారట. వెలుగుకి కొన్ని రోజులు అలవాటు చేసి అప్పుడు విప్పుతారట. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి. మస్తానుకి తెలుసు. డాక్టరమ్మకి దురద అని చెప్పకుండా నిజం చెప్పి ఉంటే మొదటి రోజే చెప్పేది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మనుషులు దిగే వేళకి లిఫ్టు గుమ్మం దగ్గర ఉండి ఉంటే నాకే తెలిసేది.

"నాంచారమ్మగారూ" అన్నాను.

దగ్గింది. ఈసారి నవ్వింది కూడా. "ఆ గొంతే. దాలయ్యగారూ, కాస్త వంగండి. చేతులు అందడం లేదు."

వంగాను, ఎందుకో తెలియకుండానే. రెండు అరచేతులూ చాపి నా ముఖం పట్టుకుంది. చల్లటి చేతులు, అరిగిపోయి గరుకెక్కిన వేళ్ళు. కిందివాళ్ళ పలకరింపు అది. ముఖం పట్టుకుని సాగనంపాం అని ఆమె చెప్పినప్పుడు మాట వరసకి అన్నదనుకున్నాను. మా అమ్మ పసుపు పెట్టిన తరవాత, వైద్యానికి తప్ప, నా చెంపల మీద ఇంకో మనిషి చెయ్యి పడలేదు.

కుడి చెంప మీద వేళ్ళు నెమ్మదిగా నడిచాయి. ఎడమ చెంప మీద ఆగిపోయాయి.

"ఇటు పక్క ఎవరండీ?" అంది.

ముఖం పక్కకి తిప్పబోయాను. ఆమె చేతులు వదల్లేదు.

"కుడి పక్క మీరే. గొంతుకి సరిపోయింది. ఇటు పక్క వాపుంది, లోపల ఏదో పెట్టారు. దెబ్బ తగిలిందా?"

"లేదండీ. మొటిమల గుంటలు, చిన్నప్పటివి. వైద్యం చేయించుకున్నాను."

"ఎప్పుడు?"

"మొన్న. మీరొస్తున్నారని."

"మామూలే అన్నారు కదా."

"అన్నానండీ."

చేతులు తీసేసింది. కుడి చెంప పౌడరు ఆమె వేళ్ళకి అంటుకుంది, శాలువా అంచుకి తుడుచుకుంది. "మా ఊళ్ళో, ముఖం మార్చుకుని ఎదురొచ్చిన వాణ్ణి ఏమంటారో తెలుసా మీకు?"

"తెలీదండీ."

"ఏమీ అనరు. పలకరించరు."

ఆసుపత్రి మనిషి వైపు తిరిగి, వార్డుకి తీసుకుపొమ్మంది. నేను సర్ది ఉంచిన గదికి రాలేదు. ఐసు దిమ్మెలు దింపేవాళ్ళు నా వైపు చూడకుండా దింపారు. సుద్దగీత మీద నేను ఇంకా వంగే ఉన్నాను.

గురువారం

కేబుల్ మామూలే.

నిద్ర లేవగానే డాక్టర్ ఎస్తేరు దగ్గరికెళ్ళి, "కరిగించెయ్యండమ్మా" అన్నాను.

"మొన్నే కదా పెట్టించుకున్నారు. దురద తగ్గిందా?"

ఈసారి మొత్తం చెప్పాను. గీత గీసిన సంగతి కూడా. ఆమె ఇంజెక్షన్ తీస్తూ చివరిదాకా వింది. నవ్వితే బాగుండేది. నవ్వలేదు.

"జెల్ రేపటికల్లా దిగిపోతుంది. కానీ బాబాయిగారూ, తెంచిన నారలు మళ్ళీ పాత చోట అలాగే అతుక్కోవు. ఆ పక్క మునుపటంత లోతుగా ఉండకపోవచ్చు. పాత ముఖం అచ్చంగా అయితే ఇవ్వలేను."

"ఎంతుంటే అంతే ఇవ్వండి" అన్నాను.

బయటికొస్తుంటే వార్డు తలుపు తీసి ఉంది. నాంచారమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. నా అడుగుల చప్పుడు ఆమెకి తెలుసో తెలియదో. లైనులో అడుగులు వినిపించవు. అయినా చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

మస్తాను టీ పట్టుకొచ్చి ఇచ్చాడు. "గంతల సంగతి చెప్పవలసింది రా. తప్పు నాదే" అన్నాడు. వాడిది కాదని వాడికీ తెలుసు.

శుక్రవారం

కేబుల్ మామూలే. ఇది తొందరగా రాసి మిగతాది రాస్తాను.

పగటి డ్యూటీలో ఉండగా తలుపు చప్పుడైంది. నాంచారమ్మ. కళ్ళకి గంతలు అలాగే ఉన్నాయి. గోడ తడుముకుంటూ తనే వచ్చింది. ఆసుపత్రి మనిషి తోడొస్తానంటే, లైను గది ఏదో కేబుల్ మోతని బట్టి తనకే తెలుస్తుందని చెప్పి వదిలించుకుందట.

"స్టూలు ఎక్కడుంది?" అంది. చూపించాను. అంటే, చప్పుడు చేసి చెప్పాను. కూర్చుంది. ఎడమ పక్క జెల్ దిగిపోయినా వాపు తగ్గక కమిలిన చర్మం వేలాడుతోంది, కుడి పక్క ఎప్పటిలానే. డాక్టరు చెప్పిన వైద్యాలన్నీ ఒకేసారి చేయించుకున్నా ఇంత అందవికారంగా ఉండేవాణ్ణి కాదు. ఆమె చూడదు కదా అనుకున్నాను. ఆ అనుకున్నందుకు మళ్ళీ సిగ్గేసింది.

"నాంచారమ్మగారూ, నేను..."

లైను మోగింది. నీడపల్లి నుంచి పైడి. నాంచారమ్మ చోట్లో కొత్తగా కూర్చున్న పిల్ల, ఆమె దగ్గరే పని నేర్చుకుంది.

"నాంచారక్కా, అక్కడున్నావా? వార్డులో లేవన్నారు. చేరావా క్షేమంగా?"

"చేరాను."

"మనిషి ఎలా ఉన్నాడు?"

"ఆగవే. ఇంకా కలవలేదు" అంది నాంచారమ్మ.

మైకు పక్కన పెట్టి రెండు చేతులూ చాపింది. ఈసారి వంగమని చెప్పించుకోలేదు. స్టూలు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, వాటి గురించి నాకేమీ తెలియదని ముందే చెప్పాను.

కుడి చెంప మీద తీరిగ్గా వేళ్ళు నడిపింది. సూదిగుంటల మీద వేలికొనలు పెట్టి ఆగింది, పెట్టెల అంచులు తడిమింది. ఎడమ పక్కకి వచ్చింది.

"ఇటు పక్క ఇంకా వాపుంది" అంది. "తీయించేశారా?"

"తీయించానండీ. కానీ మునుపటిలా రాదన్నారు. కొంచెం తేడా ఉండిపోతుందట."

"నిజమేనా? మళ్ళీ మామూలే అంటున్నారా?"

"నిజమండీ."

"కుడి పక్క మా మూడో సొరంగం గోడలా ఉంది. ఐసు తవ్వి వదిలేసిన గోడ." మంచిదో చెడ్డదో చెప్పలేదు. తరవాత, చేతులు తియ్యకుండానే, "జ్వరమా మీకు?" అంది.

"లేదండీ."

"మరి ఈ వేడేమిటి?"

"సిగ్గండీ."

దగ్గింది. దాని వెనక రావలసిన నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. "గొంతులో ఇది ఎప్పుడూ వినిపించలేదు. ఇన్నేళ్ళూ ఎక్కడ దాచారో" అంది.

"అక్కా, ఉన్నావా? లైను పోయిందా?" అంది పైడి.

నాంచారమ్మ తడుముకుని మైకు అందుకుంది. ఒక చెయ్యి మాత్రం నా కుడి చెంప మీదే ఉంది. "ఉన్నానే. నా దుప్పట్లు రేపటి బండిలో పంపు."

"దుప్పట్లెందుకక్కా? అక్కడ ఎండేగా?"

"ఈయన క్వార్టర్లో రెండో గదికి కిటికీ లేదట. చల్లగా ఉంటుంది. రెండూ పంపు."

ఆదివారం

కేబుల్ మామూలే. దుప్పట్లు అందాయి.

రేపు ఆవిడ గంతలు విప్పుతారు. ఇక్కడే కూర్చుంటుందట, ఈ గదిలోనే. నేను కుర్చీ కిటికీకి ఎదురుగా వేశాను. కాసేపటికి వెనక్కి తిప్పాను. మళ్ళీ ముందుకి తిప్పాను. ఇది రాసే సమయానికి కిటికీ వైపే ఉంది.